ఆఖరున చేసిన కన్ను

మా వదిన కళ్లు తయారు చేస్తుంది. ఈ మాట ఎవరితో అన్నా ఒక్క క్షణం ఆగి, "కళ్లజోళ్లా?" అని అడుగుతారు. జోళ్లు కాదు, కళ్లే. దెబ్బ తగిలో, జబ్బు చేసో కన్ను తీయించుకున్నవాళ్లు ఆ ఖాళీలో అమర్చుకునే కన్ను. దానికి చూపుండదు. ఉన్నట్టు మాత్రం కనిపించాలి. ఆ "ఉన్నట్టు" కోసం ఆవిడ ముప్పై నాలుగేళ్లు ధారపోసింది.

మా అన్నయ్య పోయి పదకొండేళ్లయింది. ఆవిడ కింది వాటాలో ఉంటుంది, నేను పై వాటాలో. నేను బడి లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాను, పెళ్లి చేసుకోలేదు, చదువుకుంటూ కూర్చుంటాను. ఆవిడ నన్ను మొదట్లో పుస్తకాల పురుగు అనేది. ఏళ్లు గడిచేసరికి పుస్తకాలు రాలిపోయి పురుగు మిగిలింది. "ఏమే పురుగూ, టీ తాగడానికి దిగుతావా, నేనే ఎక్కి రావాలా?" అని మెట్ల కింద నుంచి కేక పెడుతుంది. ఆడపడుచుగా నాకు దక్కిన హోదా అంతే.

ఆవిడ పనిగది కింది వాటాలో ఉత్తరం వైపు. పెద్ద కిటికీ, కిటికీకి ఎదురుగా వచ్చినవాళ్లు కూర్చునే కుర్చీ, పక్కన బల్ల. బల్ల మీద ఆరు సీసాలు: నలుపు, గోధుమ, పసుపు, నీలం, ఎరుపు, తెలుపు. ఆ వరుస మారదు. వచ్చిన మనిషిని వెలుగులో కూర్చోబెట్టి, మిగిలిన కంటిలోకి చూస్తూ, తెల్ల పింగాణీ పలక మీద బొట్టు బొట్టుగా రంగు వేసి కలుపుతుంది. ఎన్ని బొట్లకి ఆ కంటి రంగు వస్తుందో లెక్క పెడుతుంది. ఆ రంగుతో చిన్న నల్ల బిళ్ల మీద వెంట్రుకంత కుంచెతో గీతలు గీస్తుంది. తెల్లగుడ్డులో నరాల కోసం ఎర్ర పట్టుదారాన్ని పోగులు పోగులుగా విడదీసి పరుస్తుంది. చివర పైన పారదర్శకంగా గట్టి పొర పోస్తుంది. ఆ పొర పడేసరికి రంగు ముదురుతుంది, అప్పటిదాకా బొమ్మలా ఉన్నది కాస్తా చటుక్కున చూడటం మొదలుపెడుతుంది. అన్నేళ్లుగా చూస్తున్నా ఆ క్షణంలో నేను గదిలో ఉండను. ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్లిపోతాను.

సరిపడక పక్కన పెట్టిన కళ్లు ఒక సొరుగులో ఉంటాయి. మెత్తటి ఫ్లానెల్ గుడ్డ మీద అన్నీ బోర్లా. "ఎందుకలా?" అని ఒకసారి అడిగాను. "వెల్లకిలా పెడితే సొరుగు లాగినప్పుడల్లా అవి నన్ను పలకరించినట్టుంటుంది. పని సాగదు," అంది.

ఈ విద్య ఆవిడ ఒక ముసలాయన దగ్గర నేర్చుకుంది. ఆయన పద్ధతి ఒకటుండేది. కన్ను పూర్తయ్యాక, దాన్ని మనిషికి ఇచ్చే ముందు, ఆరు రంగుల బొట్ల లెక్క కాగితం చూడకుండా అప్పజెప్పాలి. చెప్పలేకపోతే మళ్లీ మొదటి నుంచి. "లెక్క నోటికి రాలేదంటే నువ్వా మనిషిని చూడలేదు, నీ చెయ్యి చూసింది" అనేవాడట. కంప్యూటరు కొన్నప్పుడు వదిన ఆ పద్ధతినే దానికి తాళం చేసింది. ఒక కన్ను పూర్తికాగానే పాస్‌వర్డు మార్చేది. ఆరు రంగులు, ఒక్కో రంగుకి రెండు అంకెలు, మొత్తం పన్నెండు. ఆఖరున చేసిన కన్నే తాళంచెవి. మళ్లీ కొత్త కన్ను చేసేదాకా ఆ అంకెలు రోజూ కొట్టాలి కనక ఆ మనిషి మరపుకు రాడు. కంప్యూటరు గుర్తు చేయడానికి ఒక వాక్యం పెట్టుకోమంటే, "ఆఖరున ఎవరిని చూశావు?" అని పెట్టుకుంది.

ఆ కంప్యూటర్లో పన్నెండు వందల పైచిలుకు మనుషులున్నారు. ఫొటోలు, కొలతలు, బొట్ల లెక్కలు. పేర్లుండవు. ఆవిడ పెట్టుకున్న ముద్దుపేర్లుంటాయి: తడిమట్టి, పాతరాగి, పిల్లిగారు. తాళం అంత గట్టిగా ఎందుకంటే, పెళ్లయి పదేళ్లయినా ఒక కన్ను పెట్టుడుదని ఇంట్లో తెలియనివాళ్లు అందులో ఉన్నారు. అందుకే పదిసార్లు తప్పు కొడితే లోపలున్నదంతా తనంతట తానే చెరిపేసుకునేలా చేయించింది. విడిగా ఒక కాపీ ఉంది గానీ, దానికీ అదే తాళం.

పోయిన ఏడాది వానలు తగ్గాక ఒక ఉదయం వదిన ముందు వాకిలి మెట్ల మీద పడింది. ముప్పై ఏళ్లుగా దిగుతున్న నాలుగు మెట్లు. ఎడమ పక్క మెట్టు అంచు కనిపించనట్టే కాలు వేసింది. తల రాతికి తగిలింది. రెండు వారాలు ఆసుపత్రి. మనిషి మామూలుగానే లేచింది, నర్సుల మీద కేకలు కూడా వేసింది, కానీ పడటానికి ముందు మూడు నాలుగు వారాలు ఆవిడలోంచి ఊడిపోయాయి. డాక్టరు, "అవి తిరిగి రావచ్చు, రాకపోనూ వచ్చు, ముఖ్యమైనవేం పోలేదుగా?" అన్నాడు.

ఇంటికొచ్చిన మొదటి రోజే, నేను మందులు తేవడానికి వెళ్లి వచ్చేసరికి, కంప్యూటరు ముందు కూర్చుని ఏడుసార్లు తప్పు కొట్టేసింది.

"ఏం కొట్టావు వదినా ఏడుసార్లు?"

"గుర్తున్నవాళ్లనందరినీ కొట్టాను. పాతరాగిని కూడా కొట్టాను. ఆయన పోయి ఆరేళ్లు."

తెర మీద ఖాళీ గడి, దాని కింద చిన్న అక్షరాల్లో ఆ ప్రశ్న. ఆఖరున ఎవరిని చూశావు? ఇన్నాళ్లు ఆ వాక్యాన్ని చూసి ఆవిడ చమత్కారమని నవ్వుకున్నాను. ఆ రోజు అది ఇంకెవరో అడుగుతున్నట్టు అనిపించింది.

కంప్యూటరు బాగుచేసే ఆయన్ని పిలిచాం. ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవాడు. ఆ తాళం పెట్టింది ఆయనే. కాసేపు చూసి, కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"నా వల్ల కాదండమ్మగారూ. మీరే కదా, దొంగ నా మెడ మీద కత్తి పెట్టినా ఇది తెరుచుకోకూడదన్నారు?"

"దొంగ సంగతి అన్నాను గానీ, నా సంగతి అన్నానా?"

"దానికి మీరూ దొంగా ఒకటేనండి. అంకెలు చెప్పినవాడే యజమాని." ఆయన లేచాడు. "అంతా చెరిపేసి మళ్లీ కొత్తగా పనిచేసేలా చేసిస్తాను. గంట పని. లోపలున్నది మాత్రం వదులుకోవాలి."

"వదులుకోవాలా!" అంది వదిన. లేచి కంప్యూటరు మీద గుడ్డ కప్పేసింది.

వదులుకోలేకపోవడానికి కారణం వారం తిరక్కుండానే వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. తొమ్మిదేళ్ల పిల్ల. వదిన పెట్టిన పేరు తేనెచుక్క. మూడేళ్లప్పుడు జబ్బు చేసి ఒక కన్ను తీశారు, వదిన పెట్టుడుకన్ను చేసింది. ఇప్పుడా జబ్బే రెండో కంటికీ వచ్చి, అదీ తీసేశారు. ఆపరేషనుకి ముందు రోజు తల్లి ఆ పిల్లని తీసుకొచ్చిందని, వదిన పూటంతా కూర్చుని ఆ మిగిలిన కంటిని ఫొటోలు తీసి, రంగు కలిపి, లెక్క రాసుకుందని తల్లి చెప్పింది. వదినకి అది జ్ఞాపకం లేదు. ఊడిపోయిన వారాల్లో పోయింది. పాత పెట్టుడుకన్ను ఉంది గానీ, అది మూడేళ్ల పిల్ల కన్ను. తర్వాత రంగు ముదిరింది. ఫోన్లో ఫొటోలున్నాయి. ఒక్కో ఫొటోలో ఒక్కో రంగు. ఆ పిల్ల కళ్ల అసలు రంగు ఈ లోకంలో ఇక ఒక్క చోటే ఉంది, ఆ తాళం వెనక.

"నెలాఖరుకి పెట్టెయ్యాలన్నారు డాక్టరు," అంది తల్లి. "ఆలస్యమైతే లోపల కుంచించుకుపోతుందట."

పిల్ల కుర్చీ చేతులు పట్టుకుని, ముఖం కిటికీ వైపు తిప్పి కూర్చుంది. అలవాటు. "అమ్మమ్మా, నా రంగే పెడతావు కదా?"

"నీ రంగే. వేరేది పెడితే మాత్రం నీకు తెలుస్తుందా ఏమిటి?" అని వదిన వేళాకోళమాడబోయింది.

"తెలుస్తుంది. అమ్మ గొంతు మారుతుంది," అంది పిల్ల.

వాళ్లు వెళ్లాక వదిన సీసాలు ఆరూ వరుసలోనే ఉన్నా మళ్లీ సర్దింది. "ఇంకా మూడుసార్లున్నాయి," అంది. "పురుగూ, ఆ డైరీ తే."

వచ్చేవాళ్ల తేదీలు రాసుకునే కాగితం డైరీ అది. పడిన రోజుకి తొమ్మిది రోజుల ముందు ఆఖరి పేజీలో "డ్రైవరు, కన్ను ఇచ్చాను" అని రాసుంది. ఆ తర్వాత అన్నీ ఖాళీ. బస్సు డ్రైవరు ఒకాయన్ని కబురుపెట్టి పిలిపించాం. వచ్చి, "ఇచ్చినది వెనక్కి తీసుకుంటారా ఏమిటి?" అని నవ్వాడు. వదిన ఆయన బతికున్న కంటిలోకి చూస్తూ రంగు కలిపింది, నేను బొట్లు లెక్క రాశాను. పలక కడిగేసి, నా కాగితం చూడకుండా రెండోసారి కలిపింది. పన్నెండు అంకెలూ మొదటిసారిలాగే వచ్చాయి. తల మరిచిపోయింది గానీ చెయ్యి ఏమీ మరిచిపోలేదు.

ఆ అంకెలు కొట్టింది. తెర ఒకసారి వణికినట్టై, ఖాళీ గడి మళ్లీ వచ్చింది. ఆఖరున ఎవరిని చూశావు?

"చెయ్యి తప్పలేదు. మనిషి తప్పాడు," అంది వదిన. "డ్రైవరు తర్వాత ఇంకెవరికో చేశాను."

"డైరీలో లేరు కదా."

"అదే చూస్తున్నాను."

మర్నాడు మధ్యాహ్నం నేను కిందికి దిగేసరికి కళ్లు ఆరబెట్టే పెట్టె తెరిచి నిలబడి ఉంది. అరచేతిలో ఒక కన్ను. పూర్తయినది, పై పొర పోసి మెరుగు పెట్టినది.

"ఎవరిది?" అన్నాను.

"నువ్వే చెప్పు. గీతలు నావే. నరాలు పరిచిన తీరు నాదే. మనిషి మాత్రం తెలియట్లేదు."

ముదురు గోధుమరంగు కన్ను. నల్లపాప చుట్టూ సన్నటి పసుపు వలయం. గడియారంలో ఏడు గంటలుండే చోట, గోధుమరంగులోంచి అంచు దాటి తెల్లగుడ్డులోకి జారుతున్నట్టు, ఒక నల్లటి మచ్చ. గింజంత. దాన్ని ఎంతో శ్రద్ధగా వేసింది. మచ్చ వరకే కనీసం మూడు పొరలు వేసి ఉంటుంది.

నేను ఆ కంటిని చూశాను. అది నన్ను చూసింది. నాకేం తెలిసిందో చెప్పలేను గానీ, ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టయింది. ఆ కన్ను నాకు పరిచయం. నేను చేసిన ఉప్మా బాగాలేదని అది ఎప్పుడో చెప్పింది. మా అన్నయ్య పోయిన రోజు గుమ్మంలో నన్ను చూసింది. ఎవరి ముఖంలో చూశానో మాత్రం తట్టలేదు. ముఖం లేకుండా కన్ను ఒక్కటే ఎదురైతే మనిషిని పోల్చుకోవడం ఎంత కష్టమో అప్పటిదాకా నాకు తెలియదు.

"దీన్ని చూసి కలిపెయ్యి మరి," అన్నాను.

"పొర పోశాక రంగు ముదురుతుందే. నేను బతికున్న కంటిని చూసి లెక్క కడతాను. అయిపోయిన కంటిలోంచి బొట్లు వెనక్కి రావు." అయినా ఉండబట్టలేక కలిపింది. రెండు గంటలు కలిపింది. అంకెలు కొట్టింది.

కాదంది.

ఇంక ఒక్కసారి మిగిలింది.

ఆ వారం వదిన మనిషిలా లేదు. ఆ కన్నుని బోర్లా పడుకోబెట్టడం మానేసి పింగాణీ పలక మీద వెల్లకిలా పెట్టుకుంది, కంప్యూటరు పక్కన. అన్నం తింటూ లేచి వెళ్లి చూసొచ్చేది. "ఎవరు నువ్వు? ఎందుకు మళ్లీ రాలేదు?" అని దాన్ని అడగడం నేను మెట్ల మీంచి విన్నాను. ఆవిడ మతి ఏమైనా చలిస్తోందా అని భయమేసి, ఒకరోజు ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడు ఆ కన్నుని రుమాల్లో చుట్టి నా గదికి తెచ్చి, పుస్తకాల అలమరలో పెట్టి తలుపు వేశాను. కూర్చుని చదవబోయాను. ఒకే పేజీ నాలుగుసార్లు చదివాను. అలమర లోపల్నించి ఎవరో ఓపిగ్గా, నేను తల ఎత్తేదాకా ఆగుతున్నారు. అరగంట కాకముందే తీసుకెళ్లి ఎక్కడిదక్కడ పెట్టేశాను.

నెలాఖరుకి నాలుగు రోజులుండగా రిపేరు ఆయన ఫోన్ చేశాడు, వచ్చి చెరిపెయ్యమంటారా అని. వదిన రేపు రమ్మంది. ఫోను పెట్టేసి వచ్చి వంటింటి బల్ల దగ్గర నాకు ఎదురుగా కూర్చుంది. పొద్దు వాలుతోంది. పడమటి కిటికీ లోంచి ఎండ ఏటవాలుగా వచ్చి ఆవిడ ముఖం మీద పడింది.

"ఆ తల్లికి ఏం చెప్పనే?"

"ఉన్నదున్నట్టు చెప్పు. పడ్డాను, మరిచిపోయానని."

"చెప్పడం నీకు తేలిక. నువ్వు పుస్తకం పోగొడితే ఇంకోటి తెప్పించేదానివి."

"నన్నెందుకంటావు? ఏడుసార్లు కొట్టమని నేను చెప్పానా?"

వదిన చివాల్న తలెత్తి నన్ను చూసింది. కోపంతో రెప్పలు పూర్తిగా విప్పింది. ఎండ తిన్నగా ఎడమ కంటిలో పడింది. ముదురు గోధుమ. సన్నటి పసుపు వలయం. ఏడు గంటల చోట, అంచు దాటి జారుతున్న నల్లటి మచ్చ.

చేతిలో టీ కప్పు బల్ల మీద పెట్టేశాను.

ముప్పై ఎనిమిదేళ్లుగా నన్ను తిట్టిన కన్ను అది. ఊళ్లోవాళ్లందరి కళ్లలోకీ చూసే మనిషి తన కళ్లజోడు తుడుచుకుంటుంది గానీ అద్దంలో తన కంటిని చూసుకోదు. తల దువ్వుకోవడం కూడా అలవాటు మీద అద్దం లేకుండానే. నేనైనా అంతే. రోజూ ఎదురుగా కూర్చునే మనిషిని ఎవరు పరిశీలించి చూస్తారు? ఆసుపత్రిలో టార్చి వేసి చూసిన డాక్టరు దాన్ని పుట్టుమచ్చ అనుకుని ఉంటాడు.

"ఏమైందే? అలా చూస్తావేం?"

ఆ మచ్చ అంటే ఏమిటో నాకంటే ఆవిడకే ఎక్కువ తెలుసు. అలాంటి మచ్చతో వచ్చినవాళ్లని, పని మొదలుపెట్టకుండా ముందు డాక్టరు దగ్గరికి వెళ్లమని పంపేది. అందులో కొందరు తర్వాత కన్ను చేయించుకోవడానికి తిరిగొచ్చారు. కొందరు రాలేదు.

"వదినా," అన్నాను. "కిటికీ దగ్గరికి రా. కుర్చీలో కూర్చో."

"ఏ కుర్చీలో?"

"వాళ్లు కూర్చునే కుర్చీలో."

నా ముఖంలో ఏం కనిపించిందో, లేచి పనిగదిలోకి నడిచింది. ముప్పై నాలుగేళ్లలో ఆ కుర్చీలో ఆవిడ కూర్చోవడం నేను చూడలేదు. సొరుగులోంచి పెద్దగా చూపించే గుండ్రటి అద్దం తీసి చేతికిచ్చాను. ఆవిడ అద్దంలో చూసుకుంది. పలక మీది కన్ను చూసింది. మళ్లీ అద్దం.

ఆ కన్నుని తీసి చెంప పక్కన పట్టుకుని, అద్దంలో రెండిటినీ కలిపి చూసింది.

"నాకు తెలుసన్నమాట," అంది చివరికి. గొంతు మామూలుగానే ఉంది. "తెలిసి కూడా నాకు చెప్పలేదు."

"ఎవరు చెప్పలేదు?"

"నేనే." అద్దాన్ని బల్లకి ఆనించి నిలబెట్టింది. "పురుగూ, కాగితం తీసుకో. సీసాలు ఇటు జరుపు."

తన కంటిని చూస్తూ తన రంగు కలపడం మొదలుపెట్టింది. నలుపు. ఒకటి, రెండు, మూడు. నేను రాస్తున్నాను. గోధుమ పదిహేడు దగ్గర ఆగి, అద్దంలోకి వంగి, ఇంకొకటి వేసింది. పసుపు. నీలం సీసా ఎత్తి, వేయకుండా దించేసింది. ఎరుపు రెండు. తెలుపు ఒకటి. కుంచె మీద రంగు తీసి కంటి పక్కన చెంప మీద రాసుకుని చూసింది. చాలంది.

కంప్యూటరు ముందు కూర్చున్నాక నా వైపు చూసింది. "తప్పితే?"

"తప్పదు."

"నీకెలా తెలుసు?"

"నువ్వే అన్నావుగా, బతికున్న కంటిని చూసి లెక్క కడతానని."

పన్నెండు అంకెలు ఒక్కొక్కటే కొట్టింది. తెర నల్లబడింది. ఆ నలుపులో మా ఇద్దరి ముఖాలూ కనిపించాయి. అంతలోనే తెరుచుకుంది.

ముందు తేనెచుక్కని వెతికింది. ఉంది. ఇరవై రెండు ఫొటోలు, బొట్ల లెక్క, "ఎడమ పక్క ఒక చుక్క తేనె ఒలికినట్టు, మరిచిపోకు" అని ఒక ముక్క. వదిన దాన్ని పైకి రెండుసార్లు చదివింది.

ఆ తర్వాతది ఆఖరిది. దానికి ముద్దుపేరు లేదు. నాలుగు ఫొటోలు, వారానికొకటి. మొదటి దాంట్లో ఆవగింజ. రెండోదాంట్లో కాస్త పెద్దది. నాలుగోదాంట్లో అంచు దాటింది. ఐదో వారానికి తేదీ వేసి ఫొటో ఖాళీగా వదిలి ఉంది. ఆవిడ పడింది ఆ రోజే. కింద రెండు వాక్యాలు: "తేనెచుక్కది పూర్తి చేశాక వెళ్లాలి. ఈలోగా పురుగుకి తెలియకూడదు, గోల చేస్తుంది."

నేను గోల చేశాను. ఎంత చేశానంటే పక్కింటివాళ్లు వచ్చారు.

"నాలుగు రోజులు. ఆ పిల్లవి రెండూ చేసి ఇచ్చేస్తే..." అంది వదిన.

"ఇప్పుడే వెళ్తున్నాం. చెప్పులేసుకో."

"ఇన్ని వారాలాగింది, నాలుగు రోజులకి ఏం మునిగిపోతుందే?"

"ఆగింది నువ్వా? నీకు తెలిస్తే కదా ఆగడానికి! నోరు మూసుకుని నడు."

జీవితంలో మొదటిసారి ఆవిడ నా మాట విన్నది. కంటి డాక్టరు చూసి, బయటికి కనిపించేది దాని కొస మాత్రమేనని, మొదలు కంటి వెనకాల ఉందని, ఎడమ పక్క చూపు ఎప్పుడో తగ్గి ఉంటుందని చెప్పాడు. మెట్టు ఎందుకు కనిపించలేదో నాకప్పుడు అర్థమైంది. కన్ను తీసెయ్యాలన్నాడు. ఇంకో రెండు నెలలాగితే కంటితో పోయేది కాదన్నాడు. ఆపరేషనుకి ఆరో రోజు ఇచ్చాడు. నెలాఖరు దాటకుండా, నాలుగు రోజుల్లోనే వదిన తేనెచుక్క కళ్లు రెండూ చేసింది. వాటిని అమర్చాక తల్లి పిల్ల ముఖం చూసి, "బాగున్నాయమ్మా" అంది. పిల్ల తల పక్కకి వాల్చి ఆ గొంతు వింది. విని, నవ్వింది.

ఇప్పుడు వదిన ఎడమ వైపు పెట్టుకున్నది తను ముందే చేసుకున్న ఆ కన్నే. కొలత కొంచెం సరిచేయించుకుంది. మచ్చ లేకుండా కొత్తది చేసుకోమని ఎంత చెప్పినా వినలేదు. "మచ్చ తీసేస్తే అది నా కన్ను కాదు, ఇంకెవరిదో పెట్టుకున్నట్టుంటుంది," అంటుంది. జబ్బు పోయింది, దాని బొమ్మ మిగిలింది. టీ తాగుతున్నప్పుడు నేను ఆవిడకి తెలియకుండా ఆ మచ్చ చూస్తుంటాను. పెరగలేదు. పెరగదని తెలుసు. అయినా రోజూ చూస్తాను.

మొన్న పై వాటాకి ఏదో పనిమీద వచ్చి, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "పాస్‌వర్డు మార్చానే," అంది. "ఈసారి మరిచిపోయినా బెంగలేదు. పైకి కేకేస్తే నువ్వు దిగొస్తావు, నీ కంట్లోకి చూసి కలుపుకుంటాను."

నాకు సంతోషమే అయింది. మనిషిని తాళంచెవి చేసుకోవడం ఆవిడ భాషలో చాలా పెద్ద మాట. ఆవిడ మెట్లు దిగి వెళ్లిపోయాక గానీ నాకు వెలగలేదు. కన్ను పూర్తయ్యాక తప్ప వదిన పాస్‌వర్డు మార్చదు. అది ఆ ముసలాయన నాటి నుంచి ఉన్న పద్ధతి.

మెట్ల దగ్గరికి వెళ్లి కేకేశాను. "వదినా! నా కన్ను చేశావా?"

"చేశాను."

"ఎందుకు? నా కళ్లకేమైంది? ఏమైనా కనిపించిందా?"

"ఏం కాలేదులే. చదువుకో పో," అంది కింద నుంచి.

"ఎక్కడ పెట్టావు?"

సొరుగు లాగిన చప్పుడు, మూసిన చప్పుడు వినిపించాయి. అది బోర్లా ఉందో, వెల్లకిలా ఉందో నేను అడగలేదు.